పాయనమా, నగిషీయా? చేతికత్తి చుట్టూ తెగని వాదాలు

విశాఖపట్నం గాజువాక ఆటోనగర్‌లో లారీల కింద నుంచి విప్పి పక్కన పడేసిన కమాను పట్టీలు తుప్పు పట్టి పడి ఉంటాయి. కమ్మరికి ఆ పట్టీ కొడవలిలా, కత్తిపీటలా కనిపిస్తుంది. సెలవు రోజున కొలిమి రాజేసుకునే ఔత్సాహికుడికి అందులో ఒక చాకు కనిపిస్తుంది. ఆ చాకుకు నల్లటి కొమ్ము పిడి వేయాలని, రేకు మీద నీటి అలల్లాంటి చారలు తేలాలని అతని ఆశ. ప్రపంచమంతటా ఇంటి పెరళ్లలో, అద్దె షెడ్లలో ఈ సరదా పెరిగింది. అమెరికాలో 2015లో మొదలైన 'ఫోర్జ్‌డ్ ఇన్ ఫైర్' అనే టెలివిజన్ పోటీ దీన్ని ఎన్నో ఇళ్లలోకి తీసుకొచ్చింది. వీడియోలు చూసి నేర్చుకునేవారు తెలుగునాటా ఉన్నారు.

అయితే ఈ సరదాతో పాటు తగాదాలూ వచ్చాయి. కత్తిని సమ్మెటతో సాగగొట్టి చేయాలా, పట్టీని అరగదీసి చేయాలా? పాత ఇనుము మేలా, కొన్న ఉక్కు మేలా? చారలున్న ప్రతి కత్తినీ 'డమాస్కస్' అనవచ్చా? నగిషీ కత్తికి అందమా, లోపాలకు ముసుగా? ఒక్కో ప్రశ్నకూ రెండు మూడు పక్షాలున్నాయి. వీటిని కలగాపులగం చేసి మాట్లాడటం వల్లే వాదం చిక్కుపడింది. పోగుపోగుగా విడదీసి చూస్తే కొన్నిటికి సమాధానం ఎప్పుడో దొరికిందని, కొన్నిటికి ఇంకా దొరకలేదని తెలుస్తుంది.

ఉక్కు అన్న మాట నుంచి

ఈ చరిత్రలో తెలుగువారి వాటా చిన్నది కాదు. 1794లో బొంబాయి నుంచి హెలెనస్ స్కాట్ అనే వైద్యుడు లండన్ రాయల్ సొసైటీ అధ్యక్షుడు జోసెఫ్ బ్యాంక్స్‌కు కొన్ని ఉక్కు ముద్దలు పంపాడు. మరుసటి ఏడాది జార్జ్ పియర్సన్ వాటిని పరీక్షించి వ్యాసం రాశాడు. అందులో ఆ ఉక్కు పేరు 'వూట్జ్'. మన 'ఉక్కు' అన్న మాటే ఇంగ్లిషు చెవిలోనో, రాతలోనో చెదిరి అలా మారిందని ఎక్కువమంది పండితుల అభిప్రాయం. ఆ మాట కన్నడం నుంచి వెళ్లిందా, తెలుగు నుంచి వెళ్లిందా అన్నది మాత్రం తేలలేదు. రెండు భాషల్లోనూ ఉక్కు ఉక్కే.

ఆ ఉక్కు పుట్టిన చోట్లలో పేరున్నది కోనసముద్రం. ఇప్పటి నిజామాబాద్ జిల్లా కమ్మర్‌పల్లి మండలంలోని ఊరు. సర్వే విభాగంలో పనిచేసిన హెన్రీ వాయ్‌సీ అనే భూగర్భ శాస్త్రజ్ఞుడు ఆ ఊరి కొలుములను చూసి రాసిన వివరణ అతని మరణానంతరం 1832లో కలకత్తాలో అచ్చయింది. ఇరాన్‌లోని ఇస్ఫహాన్ నుంచి వర్తకులు అక్కడికి వచ్చి ఉక్కు ముద్దలు కొనుక్కుని వెళ్లేవారని అందులో ఉంది. అంతకు ముందు పదిహేడో శతాబ్దంలోనే ఫ్రెంచి యాత్రికుడు టావెర్నియర్ గోల్కొండ ఉక్కు గొప్పతనం గురించి రాశాడు.

తయారీలోనూ రెండు దారులున్నాయి. మైసూరు, సేలం ప్రాంతాల్లో మెత్తటి ఇనుప ముక్కలను తంగేడు కర్ర, జిల్లేడు ఆకులతో కలిపి మట్టి మూసలో పెట్టి, మూత బిగించి కాచేవారు. కర్ర బొగ్గయి, ఆ కర్బనం ఇనుములోకి ఎక్కేది. కోనసముద్రంలో మాత్రం వేర్వేరు చోట్ల కరిగించిన రెండు రకాల ఇనుములను ఒకే మూసలో కలిపి కాచేవారని వాయ్‌సీ వివరణ. దక్షిణాదిది ఒకే పద్ధతి అనుకుంటూ వచ్చినవారికి ఈ తేడా పెద్ద చిక్కు తెచ్చింది. 2010లో బెంగళూరులోని నియాస్ పరిశోధన సంస్థ, ఇంగ్లండ్‌లోని ఎక్సెటర్ విశ్వవిద్యాలయం కలిసి ఉత్తర తెలంగాణలో చిట్టెపు దిబ్బలను, మూస పెంకులను వెతికి నమోదు చేయడానికి ఇలాంటి ప్రశ్నలే కారణం.

చారల రహస్యం: మూడు పక్షాలు

ఈ ఉక్కు ముద్దలతో ఇరాన్‌లో, సిరియాలో కొట్టిన కత్తుల మీద నీటి చారలు కనిపించేవి. ఆ చారలు ఎలా వచ్చాయన్నది రెండు వందల ఏళ్ల ప్రశ్న. కమ్మరి కొడుకైన మైకేల్ ఫారడే 1819 నుంచి కొన్నేళ్లు, జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల వ్యాపారితో కలిసి దీని వెంటపడ్డాడు. ఉక్కులో కలిసిన అల్యూమినాయే కారణమన్నాడు. అది తప్పని తర్వాత తేలింది. రష్యాలోని జ్లతౌస్త్‌లో పావెల్ అనోసోవ్ ఇలాంటి ఉక్కును తిరిగి చేసి 1841లో తన ప్రయోగాలను ప్రచురించాడు.

ఇప్పటి పక్షాలు ప్రధానంగా మూడు. 1980లలో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ శాస్త్రజ్ఞులు షెర్బీ, వాడ్స్‌వర్త్ అసలు కీలకం అధిక కర్బనమూ, దాన్ని కాచి కొట్టే తీరూ అన్నారు. 1998లో జాన్ వెర్హోవెన్, ఆల్ఫ్రెడ్ పెండ్రే, విలియం డాక్ష్ మరో మాట చెప్పారు. ఖనిజంలో సహజంగా ఉండే వెనేడియం లాంటి మూలకాలు లక్షకు నాలుగైదు పాళ్లున్నా చాలునట. పదేపదే కాచి కొట్టినప్పుడు గట్టి కార్బైడ్ రేణువులు వాటి వల్లే వరుసలు కడతాయని, ఆ వరుసలే చారలని వారి వాదన. ఆ ఖనిజం అయిపోవడంతో విద్య కూడా పోయి ఉండవచ్చని వారు ఊహించారు. 2006లో జర్మనీలోని డ్రెస్డెన్ బృందం పదిహేడో శతాబ్దపు కత్తి ముక్కలో కార్బన్ నానో గొట్టాలు కనిపించాయని 'నేచర్' పత్రికలో రాసింది. పత్రికలు ఈ మూడో వార్తను నెత్తికెత్తుకున్నాయి. కత్తి గుణానికి ఆ గొట్టాలే కారణమని మాత్రం లోహశాస్త్రజ్ఞులందరూ ఒప్పుకోలేదు.

ఈ మూడింట్లో వెర్హోవెన్ పక్షమే బలంగా ఉంది. కారణం సూటిగా ఉంది: చెప్పిన పద్ధతిలో కత్తి చేసి చూపించారు. ఆ కత్తి చేసిన పెండ్రే గుర్రాలకు లాడాలు కొట్టే పనివాడు. విశ్వవిద్యాలయ ఆచార్యుడి సూక్ష్మదర్శినితో లాడాల కమ్మరి సుత్తి జత కలిస్తేనే రెండు వందల ఏళ్ల చిక్కుముడి కాస్త వదులైంది.

పేరు తగాదా

ఇక్కడొక పెద్ద పొరపాటు అలవాటుగా మారింది. ఇప్పుడు బజారులో 'డమాస్కస్' పేరుతో అమ్మేది పైన చెప్పిన మూస ఉక్కు కాదు. రెండు రకాల ఉక్కు పట్టీలను దొంతరగా పేర్చి, తెల్లగా కాచి, కొట్టి అతికించి, మడిచి మళ్లీ కొట్టిన అతుకుల ఉక్కు అది. నికెల్ ఉన్న పొర ఫెర్రిక్ క్లోరైడ్ ద్రావణంలో మెరుస్తూ మిగులుతుంది, నికెల్ లేని పొర నల్లబడుతుంది. చారలు అలా వస్తాయి. మొదటిదానిలో చారలు లోహం లోపలే పుడతాయి. రెండోదానిలో వాటిని చెయ్యి పేరుస్తుంది.

1973లో అమెరికన్ కత్తుల తయారీదారు విలియం మోరాన్ అతుకుల కత్తులను ప్రదర్శనకు తెచ్చాకే ఔత్సాహికుల్లో ఈ పిచ్చి మొదలైంది. ఒక పక్షం, యాభై ఏళ్లుగా వాడుకలో ఉన్న పేరును ఇప్పుడు మార్చలేమంటుంది. రెండో పక్షం మూస ఉక్కుకు ఒక పేరు, అతుకుల ఉక్కుకు ఒక పేరు ఉండాలంటుంది. తెలుగువారు రెండో పక్షాన నిలబడటమే న్యాయం. కోనసముద్రం కమ్మరులు కరిగించిన దానికి ఊరి పేరు దక్కలేదు, 'ఉక్కు' అన్న మాట చెదిరి దక్కింది. చివరికి ఒక దూరదేశపు నగరం పేరు స్థిరపడింది. అతుకుల కత్తి చేసినవారు దాన్ని అతుకుల కత్తి అనే చెప్పుకోవాలి. దానిలో సిగ్గుపడాల్సిందేమీ లేదు, అదీ గొప్ప పనే.

కొట్టి చేయడం, అరగదీసి చేయడం

కాచి సాగగొట్టేవారిది ఒక బడి. ఉక్కు పట్టీని కత్తి ఆకారానికి కోసి, గ్రైండరుతో, ఆకురాయితో అరగదీసేవారిది ఇంకో బడి. రెండో బడికి గురువు లాంటివాడు అమెరికన్ బాబ్ లవ్‌లెస్. 1977లో రిచర్డ్ బార్నీతో కలిసి అతను రాసిన 'హౌ టు మేక్ నైవ్స్' ఎంతోమంది చేత మొదటి కత్తి చేయించింది. కొట్టడం వల్ల ఉక్కు 'బిగుసుకుని' గట్టిపడుతుందని మొదటి బడివారు కొందరు చెబుతారు. మిల్లు నుంచి వచ్చిన మంచి ఉక్కు విషయంలో ఇది నిలబడదు. దాన్ని అక్కడే పెద్ద రోలర్లు నలిపి పంపాయి. కొలిమిలో అతిగా కాస్తే రేణువులు పెరిగి ఉక్కు చెడిపోతుంది కూడా. కొట్టడంలో లాభం వేరు: తక్కువ లోహం వృథా అవుతుంది, అరగదీసి రాబట్టలేని ఆకారాలు వస్తాయి. గుండ్రటి కడ్డీ నుంచి కత్తి తీయాలంటే సుత్తి తప్ప దారి లేదు.

ఈ తగువును అమెరికన్ బ్లేడ్‌స్మిత్ సొసైటీ పెట్టే పరీక్ష ఒక రకంగా తేల్చింది. అభ్యర్థి చేసిన కత్తి గాలిలో వేలాడుతున్న అంగుళం మందం తాడును ఒక్క వేటుకు తెంచాలి. తర్వాత చెక్క పట్టెను రెండుసార్లు రెండు ముక్కలుగా నరకాలి. అయినా అదే వాదరతో చేతి మీది వెంట్రుకలు గీయగలగాలి. చివరికి పట్టులో బిగించి 90 డిగ్రీలు వంచినా విరగకూడదు. చారలు, పిడి అందం ఈ పరీక్షలో ఏమీ సాయపడవు. నిలబెట్టేది ఉక్కుకు ఇచ్చిన కాక, చల్లార్చిన తీరు.

ఉక్కు నగరంలో ఏ ఉక్కు?

కర్మాగారం కోసం 1966 ఉద్యమం, 1970 ఏప్రిల్ 17న ప్రధాని ఇందిరాగాంధీ ప్రకటన, 1992 ఆగస్టు 1న జాతికి అంకితం. విశాఖ ఉక్కు కర్మాగారం వెనుక ఉన్న కథ ఊళ్లో అందరికీ తెలుసు. అంత పెద్ద కర్మాగారం పక్కనే ఉంటే కత్తి చేసేవాడికి ఉక్కుకు కొదవేముంటుందని బయటివారు అనుకుంటారు. కానీ అక్కడ తయారయ్యేది ప్రధానంగా కడ్డీలు, వైర్ రాడ్లు, స్ట్రక్చరల్స్ వంటి నిర్మాణపు సరుకు. ఇళ్లకు వాడే ఎఫ్ఈ 500 కడ్డీలో కర్బనం 0.30 శాతానికి మించకూడదని భారతీయ ప్రమాణం చెబుతుంది. అది స్లాబుకు సరైన గుణం. వంగాలి గాని విరగకూడదు. కత్తికి మాత్రం ఆ కర్బనం చాలదు, వాదర నిలవదు. ఇంటి కట్టడంలో మిగిలిన కడ్డీ ముక్కతో మొదటి కత్తి మొదలుపెట్టినవారు నిరాశపడేది ఇందుకే.

కమాను పట్టీ మాట వేరు. లారీ స్ప్రింగులకు వాడే ఉక్కుల్లో కర్బనం సుమారు 0.5 నుంచి 0.6 శాతం దాకా ఉంటుంది. బేరింగ్ ఉక్కు ఈఎన్ 31లో దాదాపు 1 శాతం, దానికి తోడు క్రోమియం. కమ్మరులకు ఈ అంకెలతో పని లేదు. సానచక్రానికి ముక్క ఆనించి, రాలే నిప్పురవ్వల తీరు చూసి ఇందులో పస ఉందో లేదో చెబుతారు.

పాత ఇనుము వాడకూడదనేవారికీ కారణాలున్నాయి. ఏళ్ల తరబడి గుంతల రోడ్డు మీద లారీని మోసిన పట్టీలో కంటికి కనబడని పగుళ్లు ఉండవచ్చు. అది ఏ రకం ఉక్కో కచ్చితంగా తెలియదు కాబట్టి ఎంత కాకకు కాచాలో, ఎందులో ముంచాలో ఊహించాల్సిందే. రైలు పట్టా మేకులైతే అసలు ముట్టుకోకూడదు. అవి రైల్వే ఆస్తి, అక్రమంగా దగ్గర పెట్టుకుంటే 1966 నాటి చట్టం కింద నేరం. పైగా మేకుల్లో కర్బనం కూడా తక్కువే. నేర్చుకునే తొలి రోజులకు కమాను పట్టీ చాలు. ఎవరికైనా అమ్మే కత్తికి, బహుమతిగా ఇచ్చే కత్తికి రకం తెలిసిన కొత్త ఉక్కే వాడాలి.

తుప్పు పట్టే ఉక్కా, స్టెయిన్‌లెస్సా అన్నది కొండ ఊళ్లలో రుచుల గొడవ. విశాఖలో అది ఉప్పుగాలి గొడవ. ఫిషింగ్ హార్బర్‌లో చేపలు శుభ్రం చేసే మహిళల కత్తిపీటలు రోజంతా ఉప్పునీటిలోనే ఉన్నా పనిచేస్తాయి. ఆ ఇనుము మీద నిత్యం చెయ్యి పడుతుంది, నిత్యం సాన పడుతుంది. అద్దాల బీరువాలో పెట్టిన చారల చాకుకు ఆ యోగం లేదు. వర్షాకాలం గడిచేసరికి మచ్చలు వస్తాయి. నూనె రాసి తుడిచే ఓపిక లేనివారు స్టెయిన్‌లెస్ వైపే వెళ్లాలి. అయితే దాన్ని సుమారు 1040 నుంచి 1080 డిగ్రీల దగ్గర నిలకడగా కాచాలి. బొగ్గుల కొలిమికి అది సాధ్యం కాదు, విద్యుత్ కొలిమి కావాలి. ఇక్కడే సరదాకు ఖర్చు మొదలవుతుంది.

పాయనం: అసలు పరీక్ష

ఉక్కును కాచి, ముంచి గట్టిపరచే పనికి పాత తెలుగులో పాయనం అని పేరు. ఔత్సాహికుల మాటల్లో చారలకూ పిడికీ ఉన్న చోటు దీనికి లేదు. ఉండాల్సింది దీనికే.

స్ప్రింగు ఉక్కును కాచేటప్పుడు ఒక అయస్కాంతం దగ్గర పెట్టుకుంటే చాలా తెలుస్తుంది. ఎర్రబడుతున్న రేకును దానికి ఆనిస్తే మొదట పట్టుకుంటుంది. 770 డిగ్రీలు దాటగానే ఇనుము అయస్కాంతానికి లొంగదు. అక్కడి నుంచి ఇంకాస్త కాక ఎక్కనిచ్చి, గోరువెచ్చటి నూనెలో నిటారుగా దించాలి. పక్కకు ఊపితే రేకు వంకర పోతుంది. బయటికి తీశాక ఆకురాయి వాదర మీద గాజు మీద జారినట్టు జారితే గట్టిపడినట్టు లెక్క. అప్పుడది గాజులాగే పెళుసు కూడా. చేయి జారితే ముక్కలవుతుంది.

ఆ పెళుసు తీయడానికి మళ్లీ కాచాలి, ఈసారి మెల్లగా, సుమారు 200 డిగ్రీల దగ్గర, రెండు గంటలు. మెరుగు పెట్టిన రేకు మీద రంగులు పాకుతాయి: ముందు లేత గడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, చివరికి నీలం. చాకుకు గడ్డి రంగు దగ్గర ఆపాలి. నీలం దాకా పోతే అది మళ్లీ స్ప్రింగు అవుతుంది, కత్తి కాదు. వెన్ను మాత్రం నీలంగా, వాదర గడ్డి రంగులో నిలిపితే నరికే కత్తికి మంచిది. ఈ రంగుల లెక్క పట్టికలో చదివి తెలుసుకోవచ్చు. మసక వెలుతురులో రంగును గుర్తుపట్టే కన్ను మాత్రం కమ్మరి పక్కన కూర్చుంటేనే వస్తుంది.

నూనె ఆవిరికి మంట అంటుకుంటుంది, గ్రైండరు దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగుతుంది, జింకు పూసిన ఇనుమును కొలిమిలో పెడితే విషపు పొగ వస్తుంది. ముసుగు, కళ్లద్దాలు, మూత ఉన్న ఇనుప డబ్బా లేకుండా ఈ పని మొదలుపెట్టకూడదు.

పిడి, నగిషీ

కత్తిని కత్తిగానే ఉంచాలి, అలంకారం లోపాలను దాస్తుందని ఒక వాదం ఉంది. దీనికి హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలోని మొఘల్ బాకులే జవాబు. నూర్జహాన్‌దని, జహంగీర్‌దని చూపే బాకుల్లో పనితనం, అలంకారం ఒకదాన్నొకటి మింగలేదు. దక్కన్ ఆయుధాలపై కనిపించే కోఫ్త్‌గరీలో ఉక్కును సన్నని గీతలతో గరుకు చేసి, బంగారు తీగను సుత్తితో దానిలోకి ఒత్తుతారు. పాయనం సరిగ్గా ఉన్న కత్తి మీద ఇది ఆభరణమే.

విశాఖకు ఈ విషయంలో సొంత సంపద ఉంది. పద్దెనిమిదో శతాబ్దంలో విజాగపటం పేరుతో యూరప్‌కు వెళ్లిన దంతపు పని ఇప్పటికీ లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో ఉంది. దంతం మీద పువ్వులు, తీగలు సన్నగా చెక్కి, ఆ గీతల్లో నల్లటి లక్క నింపడం ఆ పనివారి పద్ధతి. ఏనుగు దంతం ఇప్పుడు నిషిద్ధం, ఉండాల్సిందే. ఆ పద్ధతిని గేదె ఎముక మీద, కొమ్ము మీద చేయడానికి అడ్డేమీ లేదు. శ్రీకాకుళం సరిహద్దుకు అవతల ఉన్న పర్లాకిమిడిలో గేదె కొమ్ముతో బొమ్మలు, దువ్వెనలు చేసే పని చాలాకాలంగా ఉంది. ఒకప్పుడు ప్రపంచమంతటా కత్తి పిడులకు వాడిన భారతీయ సాంబారు కొమ్ముకు మాత్రం వన్యప్రాణి చట్టం అడ్డం. అడవిలో రాలి దొరికినదని చెప్పినా సాకు చెల్లదు.

ఏటికొప్పాక లక్క పని గురించి ఒక మాట చెప్పాలి. వరాహ నది ఒడ్డున ఉన్న ఆ ఊరి బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. సహజ రంగుల కోసం కృషి చేసిన సి.వి. రాజుకు 2023లో పద్మశ్రీ వచ్చింది. ఆ బొమ్మలకు వాడే అంకుడు కర్ర, లక్క రంగులు కత్తి పిడికి ఎంతో అందం. అయితే అంకుడు మెత్తటి కర్ర, లక్క వేడికి మెత్తబడుతుంది. కాగితాలు కోసే చాకుకు అవి సరిపోతాయి. వేడినీళ్లలో కడిగే వంటింటి కత్తికి తుమ్మ కర్ర, కొమ్ము నయం.

గీత ఎక్కడ?

1959 ఆయుధాల చట్టం, దాని నియమాలు అభిరుచి కత్తులకు పట్టవని అనుకోవడం ప్రమాదం. రేకు 9 అంగుళాల కంటే పొడవున్నా, 2 అంగుళాల కంటే వెడల్పున్నా, అది ఇంటి, వ్యవసాయ, శాస్త్ర, పరిశ్రమ అవసరాలకు చేసినది కాకపోతే, ఆయుధాల పట్టికలోకి వస్తుంది. కత్తిపీట, కొడవలి ఆ మినహాయింపులో ఉంటాయి. అలంకారం కోసం చేసిన పెద్ద బాకు ఉండకపోవచ్చు. రెండు వైపులా వాదర పెట్టిన బాకులు చిన్నవైనా అనుమానం తెస్తాయి. కొత్తవారు వంటింటి కత్తులకు, కాగితపు చాకులకు పరిమితం కావడం మంచిది. పనిగా కూడా అదే కష్టమైన పరీక్ష. గోడకు వేలాడే బాకు తెగుతుందో లేదో ఎవరూ చూడరు. వంకాయ కోసే కత్తి లోపం మొదటి రోజే తెలిసిపోతుంది.

ఇంకా మిగిలినవి

చారలు ఎలా వస్తాయో చాలావరకు తెలిసింది. కోనసముద్రం కమ్మరులు తమ ఖనిజాన్ని ఎలా ఎంచుకున్నారో, ఎందుకు రెండు ఇనుములు కలిపారో పూర్తిగా తేలలేదు. కొట్టడమా, అరగదీయడమా అన్న తగువు కొంత చల్లారింది. పాత ఇనుము గురించిన తగువు చల్లారడానికి అవకాశం లేదు, ఎందుకంటే దాని వెనుక ఖర్చు ఉంది.

అన్నిటికంటే పెద్ద ఖాళీ మరోచోట ఉంది. అమెరికాలో పరీక్షించిన కత్తుల గట్టితనం అంకెలు ఎక్కడైనా దొరుకుతాయి. ఉత్తరాంధ్ర కమ్మరి చేసిన కత్తిపీట వాదర గట్టితనం రాక్‌వెల్ కొలతలో ఎంత అని అడిగితే చేతికందే పట్టిక లేదు. కొలవడానికి కొన్ని నిమిషాలు చాలు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తు ఇంజినీరింగ్ కళాశాలలో లోహశాస్త్ర విభాగమే ఉంది. విద్యార్థులు ఒక సెమిస్టరు ప్రాజెక్టుగా గాజువాక నుంచి పాడేరు దాకా ఊరికో కమ్మరి దగ్గర ఒక కత్తి కొని, కొలిచి, చేసినవారి పేరుతో, వారు చెప్పిన పాయనం వివరంతో అచ్చు వేయాలి. అభిరుచి కత్తులు చేసేవారు ఆ కొనుగోలుకు చందా వేసుకోవాలి. కొలిములు ఆరిపోకముందే ఈ పని జరగాలి.